జ్ఞానదంతములు తీసిన పిమ్మటి రక్తస్రావము, స్వస్థత పొందు క్రమము

1. ప్రస్తావన

పన్ను తీయించుకొని యింటికి వచ్చినవానికి మొదటి రాత్రి నోటినుండి నెత్తురు కనబడినయెడల, ఇంటివారు వైద్యునికంటె ముందుగా ఇరుగుపొరుగువారినో, వార్డు మెంబరునో, స్టేషనులోని యుద్యోగినో, తహసీలు కచ్చేరి గుమాస్తానో పిలుచుట వాడుక. అట్లు పిలువబడినవాడు తేల్చుకొనవలసిన ప్రశ్న యొక్కటియే: ఈ నెత్తురు స్వాభావికమైనదా, ఆపత్కరమైనదా? స్వాభావికమైనదానికి భయపడి రోగిని అర్ధరాత్రమున ఊళ్లు త్రిప్పుట యెంత నిరర్థకమో, ఆపత్కరమైనదానిని తెల్లవారువరకు ఉపేక్షించుట అంతకంటె అనర్థకము. ఈ రెంటికిగల భేదము వైద్యవిద్య నభ్యసింపనివారికి సయితము తెలియునట్లు వివరించుటయే యీ వ్యాసముయొక్క ఉద్దేశము.

బిలాసపురమును ఉదాహరణముగా గ్రహించుటకు కారణము కలదు. బెంగాల్ నాగపూరు రైల్వే కంపెనీ 1887వ సంవత్సరమున ఏర్పడెను. 1891లో నాగపురమునుండి ఆసనసోలు వరకు ప్రధానమార్గము తెరవబడుటతో బిలాసపురము ముఖ్యమైన రైల్వే పట్టణమయ్యెను. 1931లో రాయపురము, విజయనగరము మార్గము పూర్తియైన పిమ్మట ఉత్తరాంధ్ర ప్రాంతమునకును ఛత్తీస్‌గఢ్ మైదానమునకును రాకపోకలు సులభమయ్యెను. రైల్వే కొలువులకై వచ్చిన తెలుగు కుటుంబములు అనేకములు ఇచటనే స్థిరపడినవి. 2003లో ఆగ్నేయ మధ్య రైల్వేకు బిలాసపురము ప్రధానస్థానమైనది. ఇట్టి పట్టణమందు పగలు పన్ను తీయించుకొని రాత్రి బండి యెక్కువారు పలువురుందురు. ఇంటికిని ఆసుపత్రికిని దూరమైన చోట నెత్తురు కారుటయే యీ విషయమునందలి చిక్కు.

2. జ్ఞానదంతముల స్వభావము

పదునేడు మొదలు ఇరువదియైదేండ్ల వయస్సులోపల దవడల చివర మొలచు నాలుగు పండ్లకు జ్ఞానదంతములని పేరు. దవడయందు చోటు చాలనప్పుడు ఇవి అడ్డముగనో, ఏటవాలుగనో, సగము చిగురులోపలనో నిలిచిపోవును. చిగురుమడతక్రింద అన్నపుమెతుకులు చేరి వాపు, చీము, ముందరి పంటికి పుచ్చు కలుగవచ్చును. ఇట్టి బాధలున్నపుడు వీనిని తీయుట యుక్తము. ఏ బాధయు లేని పన్ను కేవలము ముందుజాగ్రత్తకై తీయ నక్కరలేదని బ్రిటిషు దేశపు ఆరోగ్యసంస్థ 2000వ సంవత్సరమున సూచించెను.

మొలచిన పన్ను ఊడదీయుటకును, ఎముకలోనున్న పన్ను తీయుటకును భేదము కలదు. రెండవ దానియందు చిగురు కోసి, కొంత యెముక తొలగించి, పంటిని ముక్కలుచేసి తీసి, కుట్లు వేయుదురు. కావున నెత్తురును, వాపును, నొప్పియు అధికముగ నుండుట సహజము.

3. నెత్తురు నిలుచు విధము

పన్ను తీయగానే గుంట నెత్తురుతో నిండును. రక్తమందలి ప్లేట్‌లెట్లు అను సూక్ష్మకణములు తెగిన నాళముల నోళ్లకడ గుమిగూడి అంటుకొనును. పిదప ఫైబ్రిన్ అను నారవంటి పదార్థము వానిని అల్లి గడ్డ కట్టించును. ఈ గడ్డయే సహజమైన కట్టు. ఇది యెముకను కప్పి కాపాడును. క్రొత్త మాంసమునకును, పిదప క్రొత్త యెముకకును ఇదియే ఆధారము. కావున పన్ను తీయించుకొనినవాడు మొదటి దినమున చేయవలసిన పని యొక్క మాటలో చెప్పవలెనన్న, ఈ గడ్డను కదలింపకుండుట.

తిమ్మిరి మందుతో సాధారణముగా అడ్రినలిన్ కలుపుదురు. అది నాళములను ముడుచుకొనునట్లు చేయుటచేత పన్ను తీయునపుడు నెత్తురు తక్కువగ కనబడును. కొన్ని గంటలకు దాని బలము తగ్గి నాళములు మరల తెరచుకొనును. సాయంకాలము బాగుగనున్నవానికి రాత్రి నెత్తురు కారుటకు ఇదియొక కారణము. వారము పదిదినములకు కనబడు నెత్తురు వేఱు. అది సామాన్యముగా గుంటలో చీముపట్టుటచేత కలుగును గనుక వైద్యునకు చూపక తీరదు.

4. స్వాభావికమగు నెత్తురు, ఆపత్కరమగు నెత్తురు

మొదటి యిరువదినాలుగు గంటలు ఉమ్మి ఎఱ్ఱగ నుండుటయు, తలగడమీద లేత ఎఱుపు మరకలు పడుటయు స్వాభావికము. కొలది నెత్తురు లాలాజలముతో కలిసిన నోరంతయు నెత్తురే యన్నట్లు కనబడును. కావున ఉమ్మియొక్క రంగునుబట్టి గాక, గుంటను చూచి నిర్ణయింపవలెను. నోరు తెరిపించి దీపము చూపినపుడు గుంటలో నల్లని యెఱుపు గడ్డ నిలిచి, దాని అంచుననుండి కొంచెము ఊరుచున్నయెడల భయములేదు. తుడిచిన వెంటనే గుంటనుండి ఎఱ్ఱని నెత్తురు పొంగి నోరు నిండుచున్నయెడల అది ఉపేక్షింపదగినది కాదు.

5. వెంటనే చేయవలసిన పని

రోగిని కూర్చుండబెట్టవలెను, వెల్లకిల పరుండబెట్టరాదు. పరుండిన నెత్తురు గొంతులోనికి పోయి వాంతియగును. నోటిలో వ్రేలాడు పెద్ద గడ్డలను శుభ్రమైన గుడ్డతో మెల్లగా తీసివేయవలెను. పిదప గాజుగుడ్డను, అది లేనిచో ఉదికి ఆరవేసిన మెత్తని నూలుగుడ్డను, కాచి చల్లార్చిన నీటిలో తడిపి పిండి, గట్టి మడతగా చేసి గుంటమీద సరిగా నుంచి, పండ్లు బిగించి కరచిపట్టుమని చెప్పవలెను. ఊడిన పంటి యెత్తునకు మించునంత దళసరిగా మడత యుండనిచో ఒత్తిడి గుంటకు తగులదు.

అట్లు గడియారము చూచుచు అరగంట కదలక యుండవలెను. జనులు చేయు ముఖ్యమైన పొరపాటు రెండు నిముషముల కొకసారి గుడ్డ తీసి చూచుట. తీసిన ప్రతిపర్యాయము క్రొత్తగా ఏర్పడుచున్న గడ్డ గుడ్డతో ఊడివచ్చును. నెత్తురు నిలుపునది మందుకంటె ముందుగా ఒత్తిడియే. అరగంటకు నిలువనిచో క్రొత్తగుడ్డతో మరియొక అరగంట అట్లే చేయవచ్చును. అప్పటికిని నిలువకున్నను, లేక రోగికి కండ్లు తిరుగుట, చెమటలు, ముఖము తెల్లబోవుట, నాడి వేగముగా కొట్టుకొనుట కనబడినను, ఇంట నుంచుకొనరాదు, ఆసుపత్రికి పంపవలెను. అచట కుట్లు వేయుటచేతను, గడ్డకట్టించు స్పంజి యుంచుటచేతను, ట్రానెక్సామిక్ ఆమ్లము మొదలగు మందులచేతను నెత్తురు నిలుపుదురు.

పసుపు, సున్నము, కాఫీపొడి, బూడిద, పొగాకుముద్ద గుంటలో కూరుట కొందరి వాడుక. వీనివలన నెత్తురు నిలిచినట్లు తోచినను, మలినము ఎముకవరకు చొరబడి చీముపట్టును.

6. ముందుగా అడుగవలసిన ప్రశ్నలు

కొందరికి నెత్తురు నిలువకుండుటకు కారణము పంటిలోగాక దేహమందుండును. గుండెజబ్బునకు ఆస్పిరిన్, క్లోపిడోగ్రెల్, వార్ఫరిన్ మున్నగు మందులు పుచ్చుకొనువారు, కాలేయవ్యాధి గలవారు, వంశమందు హిమోఫిలియా గలవారు పన్ను తీయించుకొనుటకు ముందే ఆ సంగతి వైద్యునితో చెప్పవలెను. హృద్రోగులు తమంతట తాము ఆ మందులు మానుట మిక్కిలి ప్రమాదకరము. పన్ను తీసిన గుంటనుండి కారు నెత్తురును ఒత్తిడితో నిలుపవచ్చును. మందు మానుటచేత గుండెలోనో మెదడులోనో కట్టిన గడ్డను అట్లు తీయనేరము. వానకాలమున జ్వరముతోనున్నవానికి, డెంగ్యూ కావచ్చునన్న అనుమానము గలచోట, పన్ను తీయుట వాయిదా వేయవలెను. ఆ వ్యాధియందు ప్లేట్‌లెట్లు తగ్గును.

ఛత్తీస్‌గఢ్ మండలమున సికిల్‌సెల్ రక్తవ్యాధి గలవారు పలువురు కలరు. ఈ వ్యాధి నిర్మూలనకై జాతీయ కార్యక్రమము 2023వ సంవత్సరము జూలై 1వ తేదీన పొరుగునున్న షహడోల్‌లో ప్రారంభింపబడినది. ఈ వ్యాధిగలవారికి నెత్తురు కారుటకంటె, నీరు త్రాగకుండుట, చలి, చీము అను మూడింటివలన కలుగు తీవ్రమైన నొప్పులు ప్రమాదకరములు. కావున వారిని పస్తులుంచరాదు. నీరు విరివిగా ఇయ్యవలెను. మంచుగడ్డ కాపడము వైద్యుని సెలవులేనిదే చేయరాదు.

7. స్వస్థత పొందు క్రమము

మొదటి దినము: పుక్కిలింపరాదు; బలముగా ఉమ్మరాదు; గొట్టముతో పీల్చి త్రాగరాదు; వ్రేలితోగాని నాలుకతోగాని గుంటను తడవరాదు. పెదవికిని నాలుకకును తిమ్మిరి వదలువరకు ఏమియు నమలరాదు. పిదప చల్లార్చిన గంజి, మజ్జిగ, పెరుగన్నము, పలుచని పప్పు తినవచ్చును. వేడి టీ, కారము, సారాయి, బరువులెత్తుట కూడదు. చెక్కిలిమీద వెలుపలనుండి గుడ్డలో చుట్టిన మంచుగడ్డ పదేసి నిముషములు ఉంచి తీయుచుండిన వాపు కొంత తగ్గును. నొప్పికి వైద్యుడు వ్రాసిన మందునే పుచ్చుకొనవలెను. తలనొప్పికై యింట నిలువయున్న ఆస్పిరిన్ బిళ్ల నెత్తురును హెచ్చించును.

రెండవ, మూడవ దినములు: వాపు ఈ దినములందే అధికమగును, నోరు పూర్తిగా తెరచుకొనదు. ఇది చూచి భయపడ నక్కరలేదు. ఇరువదినాలుగు గంటలు గడచినపిదప గోరువెచ్చని ఉప్పునీటిని నోట నింపుకొని, బలముగా పుక్కిలింపక, తల ఇటునటు వంచి మెల్లగా విడువవలెను. భోజనమైన ప్రతిసారి యిట్లు చేయవలెను. తక్కిన పండ్లను మామూలుగా తోమవలెను.

నాలుగవ దినము మొదలు: నొప్పియు వాపును దినదినమునకు తగ్గవలెను. వారమునకు కుట్లు తీయుదురు. కొన్ని కుట్లు తమంతట కరగిపోవును. మూడు నాలుగు వారములకు చిగురు గుంటను కప్పును; లోపలి యెముక నిండుటకు కొన్ని నెలలు పట్టును.

తగ్గుచున్న నొప్పి రెండవ దినమునకును నాలుగవ దినమునకును నడుమ మరల హెచ్చి, చెవివరకు లాగుచు, నోరు దుర్గంధము కొట్టుచు, గుంటలో గడ్డ లేక యెముక తెల్లగా కనబడినయెడల, దానిని ఎండిన గుంట యందురు. ఇది ప్రాణాపాయము కాదుగాని బాధ దుర్భరము. వైద్యుడు గుంటను కడిగి మందుకట్టు పెట్టినయెడల శీఘ్రముగా ఉపశమించును.

నోటి అడుగుభాగము గట్టిపడి ఉబ్బుట, మ్రింగలేకుండుట, ఊపిరి యాడకుండుట, చలిజ్వరము, వీనిలో ఏది కనబడినను క్షణమైన ఆలస్యము చేయక ఆసుపత్రికి పంపవలెను. చీము మెడలోనికి దిగి ఊపిరిని అడ్డగించిన ప్రాణహానియగును. క్రింది పెదవియో నాలుకయో మరునాటికిని తిమ్మిరిగనే యుండిన వైద్యునకు తెలుపవలెను. అది నరమునకు తగిలిన దెబ్బ కావచ్చును.

8. పొగాకు

ఈ ప్రాంతమున పొగాకును బెల్లపుమడ్డితో కలిపిచేసిన గుడాఖుతో పండ్లు తోముట స్త్రీపురుషులందు వ్యాపించియున్నది. శ్రీకాకుళము, విశాఖపట్టణము తీరములందు నిప్పువైపు నోటనుంచుకొని చుట్ట త్రాగు అడ్డపొగ అలవాటు పేరుపొందినది. పొగాకు నాళములను ముడిపించి గుంటకు రక్తము చేరనియ్యదు. పొగ పీల్చుట గడ్డను కదలించును. పొగత్రాగువారికి ఎండిన గుంట అధికముగ కలుగుట ఇందుచేతనే. మరియొక సంగతి ముఖ్యముగా గమనింపవలెను. నెల గడచినను మానని పంటిగుంటను, తనంతట వదులైన పంటిని, పొగాకు వాడువారియందు సామాన్యముగా భావింపరాదు. అది నోటి పుట్టకురుపుయొక్క తొలి చిహ్నము కావచ్చును. ఆరంభమున కనుగొనిన అది నయమగు వ్యాధి.

9. అధికారులు చేయదగినది

1948వ సంవత్సరపు దంతవైద్యుల చట్టముచేత దంతవైద్యులకు పట్టిక యేర్పడినది. పట్టికలో పేరులేనివారు దంతవైద్యము చేయగూడదని దాని యుద్దేశము. సంతలలోను, స్టేషను వాకిళ్లలోను చాపలు పరచి పండ్లు పీకువారు ఒకే పట్టకారును ఒకరి నోటినుండి మరియొకరి నోటికి మార్చుదురు. దానివలన నెత్తురుతో సంక్రమించు కామెర్లు మొదలగు వ్యాధులు వ్యాపించును. వారిని తొలగించుటతో పని తీరదు. పేదవాడు వారియొద్దకు పోవుట చవుక యగుటచేతను, దగ్గర యగుటచేతను గనుక, ప్రభుత్వాసుపత్రియందు పండ్లు తీయు దినములును వేళలును వార్డులందును సంతలందును చాటింపవలెను.

పన్ను తీయించుకొనిన రాత్రియే దూరప్రయాణము చేయవలదని ఉద్యోగులకు చెప్పుట మేలు. రాత్రి డ్యూటీ గలవారికి ఒకటి రెండు దినములు సెలవు దొరకునట్లు పై యధికారులు చూచిన, మార్గమధ్యమున కలుగు అనేకాపదలు తప్పును. బండిలో నెత్తురు నిలువనివారు 139 నెంబరునకు, ఊరిలోనివారు 108 నెంబరునకు ఫోను చేయవచ్చును. అయినను సహాయము వచ్చులోపల చేయవలసినది మడతగుడ్డయు, అరగంట ఓర్పును మాత్రమే. ఈ రెండు మాటలు ప్రతి వార్డు కచ్చేరిలోను, ప్రతి స్టేషనులోను ఒకరికైనను తెలిసియుండినచో, పిలుపు వచ్చిన రాత్రి ఆ యొక్కడు తొట్రుపడక రోగికి తోడ్పడగలడు.