మీకు తెలుసా? పక్కపోటుకు వేసుకున్న మాత్ర రక్తం రిపోర్టునే మార్చేస్తుంది

దగ్గినా, గట్టిగా ఊపిరి పీల్చినా పక్కలో పొడుస్తుంటే ఆ నొప్పి ఊపిరితిత్తిది కాదు. ఊపిరితిత్తికి నొప్పి తెలియదు. తెలిసేదల్లా దాని చుట్టూ ఉన్న రెండు పొరల్లో ఛాతీ గోడను అంటుకుని ఉండే బయటి పొరకే. ఆ పొర వాచినప్పుడు రెండింటి మధ్య నీరు చేరుతుంది. మన దేశంలో పడుచువాళ్లకు ఇలా నీరు పట్టడానికి ముఖ్య కారణాల్లో క్షయ ఒకటి. మన్యంలో మారేడుమిల్లి నుంచో, అడ్డతీగల నుంచో రంపచోడవరం ఏరియా ఆసుపత్రికి వచ్చిన మనిషి నెల రోజులుగా పక్కపోటు, సాయంత్రం పూట జ్వరం అంటే ముందు క్షయనే అనుమానించాలి.

● విచిత్రమేమిటంటే, ఆ నీటిలో క్షయ క్రిములు బహు తక్కువ. వాపులో ఎక్కువ భాగం క్రిమి చేసింది కాదు, క్రిమి మీద మన రోగనిరోధక శక్తి విరుచుకుపడటం వల్ల వచ్చింది. అందుకే నీటిని మైక్రోస్కోపు కింద పెడితే తరచు ఏమీ కనబడదు. లింఫోసైట్లు అనే తెల్లకణాలు ఎక్కువగా ఉన్నాయా, ఏడీఏ అనే ఎంజైము 40 యూనిట్లు దాటిందా అని చూసి క్షయను పట్టుకుంటారు.

● విరుచుకుపడుతున్నది మన శరీరమే అయితే దాన్ని కాస్త వెనక్కి లాగొచ్చు కదా? స్టెరాయిడ్లు చేసే పని అదే. 1948 సెప్టెంబరులో అమెరికాలోని మాయో క్లినిక్‌లో ఫిలిప్ హెంచ్ కీళ్లవాతంతో మంచం పట్టిన మహిళకు కార్టిజోన్ అనే స్టెరాయిడ్ ఇస్తే కొద్ది రోజుల్లోనే లేచి నడిచింది. ఆ పనికి హెంచ్‌కు 1950లో నోబెల్ వచ్చింది. క్షయ వల్ల పట్టిన నీటికీ ప్రెడ్నిసోలోన్ అనే స్టెరాయిడ్ ఇచ్చి చూశారు. జ్వరం, నొప్పి త్వరగా తగ్గాయి, నీరూ త్వరగా ఇంకింది. కానీ తర్వాత పొర మందంగా మారకుండా అది ఆపగలదని మాత్రం రుజువు కాలేదు. అందుకే అందరికీ రాయరు.

● ఇక రక్తం సంగతి. నాకు అన్నిటికన్నా ముఖ్యమనిపించేది ఇదే. మన తెల్లకణాల్లో ఒక రకమైన న్యూట్రోఫిల్స్‌లో దాదాపు సగం రక్తంతో పాటు పారవు, రక్తనాళాల గోడలకు అంటుకుని ఉంటాయి. స్టెరాయిడ్ పడగానే, సంతలో చెట్టు నీడన కూర్చున్నవాళ్లంతా ఒక్కసారి రోడ్డెక్కినట్టు, అవి ప్రవాహంలోకి వచ్చేస్తాయి. ఎముక మజ్జ నుంచి మరికొన్ని తోడవుతాయి. నాలుగు నుంచి ఆరు గంటల్లో రక్తం తీస్తే 11,000 లోపు ఉండాల్సిన తెల్లకణాలు ఆ గీత దాటి కనిపించొచ్చు. అదే చీటీలో లింఫోసైట్లు, ఇయోసినోఫిల్స్ అనే మరో రకం తెల్లకణాలు పడిపోయి ఉంటాయి. లింఫోసైట్లు చచ్చిపోవడం కంటే రక్తం వదిలి మజ్జలోకి తప్పుకోవడమే ఎక్కువ. ఒక్క మోతాదే అయితే 24 గంటల్లో మళ్లీ మామూలవుతాయి. ఈ సంగతి తెలియకుండా రిపోర్టు చదివితే 'చీము పట్టే ఇన్‌ఫెక్షన్' అనిపిస్తుంది, క్షయ ఆలోచన పక్కకు పోతుంది. క్షయ కోసం చర్మం మీద చేసే మాంటూ పరీక్ష కూడా స్టెరాయిడ్ వాడకం వల్ల తప్పుగా నెగెటివ్ రావొచ్చు. ఊళ్లో ఎవరో ఇచ్చిన పొట్లంలో డెక్సామెథసోన్ అనే స్టెరాయిడ్ ఉందేమో రోగికి తెలియదు. అందుకే ఖాళీ స్ట్రిప్పులు సహా అన్నీ ఆసుపత్రికి తీసుకెళ్లి చూపించమని ఆశా కార్యకర్తలు చెబితే ఎంతో మేలు.

● ఇయోసినోఫిల్స్ పడిపోవడం కొండ ప్రాంతాల్లో మరీ ప్రమాదం. చెప్పులు లేని కాళ్ల ద్వారా మట్టిలోంచి ఒంట్లోకి చేరే స్ట్రాంజిలాయిడిస్ అనే నులిపురుగు ఏళ్ల తరబడి పేగుల్లో సద్దు చేయకుండా ఉండగలదు. దాని జాడ చెప్పేవి పెరిగిన ఇయోసినోఫిల్సే. స్టెరాయిడ్ ఆ జాడను చెరిపేస్తుంది. పైగా పురుగుకు పగ్గాలు వదిలేస్తుంది, అది ఊపిరితిత్తులతో సహా ఒళ్లంతా పాకుతుంది. ప్రాణం పోయిన సందర్భాలున్నాయి.

● భీమవరంలో 1895లో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు బృందం లెడర్లీ ప్రయోగశాలలో తయారు చేసిన మెథోట్రెక్సేట్ కూడా రోగనిరోధక శక్తిని అదుపు చేసేదే. కీళ్లవాతానికి వారానికి ఒక్కసారే వేసుకోవాలి. పొరపాటున రోజూ మింగితే మజ్జ చతికిలబడి తెల్లకణాలు, ఎర్రకణాలు, ప్లేట్‌లెట్లు మూడూ పడిపోతాయి. కీళ్లవాతం ఉన్నవాళ్లకూ ఊపిరితిత్తి పొరలో నీరు పట్టడం ఉంది కాబట్టి వీళ్ల రిపోర్టు చదవడం ఇంకా కష్టం.

● క్షయకు ఇచ్చే రిఫాంపిసిన్ మూత్రాన్ని నారింజ రంగులోకి మార్చడమే కాదు, కాలేయాన్ని పురికొల్పి ప్రెడ్నిసోలోన్‌ను త్వరగా కరిగించేస్తుంది. రెండూ కలిపి వాడేటప్పుడు స్టెరాయిడ్ మోతాదు పెంచాల్సి రావొచ్చు, అది డాక్టరే తేల్చాలి. ఆరు నెలల క్షయ మందులు ప్రభుత్వం ఉచితంగా ఇస్తుంది. పోషణకు నెలకు 1,000 రూపాయలు, గిరిజన ప్రాంతాల రోగికి రవాణా ఖర్చు కింద ఒకసారి 750 రూపాయలు కూడా ఉన్నాయి.