‘అసర్టైన్’ అను నాంగ్లక్రియ

ఆంగ్లమునందలి ‘అసర్టైన్’ అను క్రియకు ‘తెలిసికొను’ అని యర్థము చెప్పి మన విద్యార్థులు తృప్తి నొందుదురు. నేటి వాడుకకు అది చాలును. పూర్వగ్రంథములకును, న్యాయశాస్త్రమునకును చాలదు.

ఈ పదము ప్రాచీన ఫ్రెంచి భాషనుండి వచ్చినది. మూలమున సకారము లేదు. లాటిన్ పదముల పోలికచే నది పిమ్మట చేరినది. లోపలి మాట ‘సెర్టెన్’. దానికి మూలమైన లాటిన్ ‘కెర్తుస్’ శబ్దము ‘కెర్నెరె’ అను క్రియకు సంబంధించినది. ఆ క్రియకు జల్లించుట, వేఱుపఱచుట అని యర్థము. జల్లెడకు లాటినున గల ‘క్రీబ్రుమ్’ అను పేరును, విమర్శకుని చెప్పు గ్రీకు ‘క్రితికోస్’ శబ్దమును ఈ కుటుంబములోనివే. ధీరులు జల్లెడతో పేలపిండిని వలె మనస్సుతో వాక్కును శోధింతురను ఋఙ్మంత్రమును (10-71-2) పతంజలి పస్పశాహ్నికమున నుదాహరించినాడు గదా! (అందలి ‘తితఉ’ శబ్దమున సంధి లేకుండుట బాలురకు నేటికిని వింతయే.) ఈ రెండు భాషలవారును ఒక్క యింటి పనిముట్టునే వేర్వేఱుగ నెన్నుకొనిరని నా యూహ.

తొలుత నీ క్రియకు ఒకరికి నిశ్చయముగ తెలియజెప్పుట యని యర్థము. అప్పుడు కర్మ పురుషుడు. ఇప్పుడు కర్మ విషయము. పరస్మైపదార్థము ఆత్మనేపదార్థమైనదని వైయాకరణులు చమత్కరింపవచ్చును. నడుమ స్థిరపఱచుట యను నర్థము ప్రబలియుండెను. 1712లో జోనాథన్ స్విఫ్ట్ హార్లీ ప్రభువునకు లేఖారూపమున ప్రకటించిన ప్రతిపాదనలో ఆంగ్లభాషను దిద్ది, పెంపొందించి, ‘అసర్టైన్’ చేయవలెననెను. భాషను తెలిసికొనుట యనిన నిచ్చట నర్థము పొసగదు. ఇక మాఱకుండ నియమబద్ధము చేయుట యని భావము. మునిత్రయము సంస్కృతమునకు చేసిన యుపకారమును స్మరించిన మన పాఠకునకు వెంటనే బోధపడును. స్విఫ్టు కోరిన పరిషత్తు మాత్ర మేర్పడలేదు.

న్యాయశాస్త్రమున నీ పదము తన జల్లెడను మఱువలేదు. వేయి బస్తాల ధాన్యమున్న కొట్టునుండి నూఱు బస్తాలు కొనుట కొడంబడిక జరిగిన దనుకొందము. 1930 నాటి వస్తువిక్రయ చట్టము 18వ సెక్షను ననుసరించి, ఆ సరకు ‘అసర్టైన్’ కానంతవఱకు స్వామ్యము కొనువానికి సంక్రమింపదు. దీనికి ‘నిశ్చయము’ సరిపడదు. పాణిని 2-3-41 సూత్రమున వాడిన ‘నిర్ధారణ’ శబ్దము సరిగా సరిపడును. జాతిగుణక్రియలచే సముదాయమునుండి యేకదేశమును వేఱుచేయుట నిర్ధారణమని వృత్తికారులు చెప్పిరి. అనువాదకుడు ‘నిశ్చితము కాని సరకు’ అని వ్రాసినచో సరకు మంచిదో కాదో యని గుమాస్తా శంకించును. ‘అనిర్ధారితము’ అనినచో ఆ వేయింటిలో ఏ నూఱో యింకను ఏర్పఱుపలేదని తేటపడును.