దోసిట్లో నీళ్ళు... అడుగుల్లో కథ

ఆదివారం సాయంత్రం ఉప్పల్ మినీ శిల్పారామంలో పిల్లల కూచిపూడి ప్రోగ్రాం ఉందంటే మన తల్లుల హడావుడి ఎలా ఉంటుందో మీకు తెలియనిదా! ఒక చేతిలో మంచినీళ్ళ సీసా, ఇంకో చేతిలో పిన్నుల డబ్బా, భుజాన గజ్జెల సంచీ. స్టేజీ మీద పదిమంది ఆడుతున్నా మన కళ్ళు మన పిల్ల మీదే. జడ ఊడకపోతే చాలు, మొహంలో నవ్వు చెదరకపోతే చాలు. అయిపోగానే చప్పట్లు, ఫోటోలు, ఇంటి దారి. "ఇంతకీ కథేమిటి?" అని ఎవరైనా అడిగితే మాత్రం మొహమొహాలు చూసుకుంటాం.

నేనూ అంతే. నాచారంలో మా వీధి చివర ఉన్న డాన్సు క్లాసుకి మా అమ్మాయిని నాలుగేళ్ళుగా తిప్పుతున్నా, నేను చూసింది దాని వేషమే గానీ నాట్యం కాదు. ఈమధ్య ఒకరోజు వచ్చి, "అమ్మా, నాకు చండాలిక వేషం ఇచ్చారు" అంది. పక్కింటావిడ విని, "అదేం వేషం వదినా! ఏ సత్యభామో, రుక్మిణో ఇప్పించుకోక" అన్నది. నాకూ లోలోపల కొంచెం చిన్నతనంగానే అనిపించింది. టీచరమ్మను అడిగేద్దామని మర్నాడు వెళ్ళి క్లాసులో ఓ మూల కూర్చున్నాను. రిహార్సల్ చూశాక అడగబుద్ధి కాలేదు. ఎందుకంటారా? అది చెబుదామనే ఇదంతా.

ఎవరీ చండాలిక?

ఇది బౌద్ధ గ్రంథాల్లోని పాత కథ. దాన్ని తీసుకుని రవీంద్రనాథ్ టాగూర్ 1933లో నాటకంగా రాశారు. 1938లో దాన్నే పాటలతో, ఆటతో నృత్యనాటకంగా మలిచారు. అదే 1938లో మన తెలుగులో గూడవల్లి రామబ్రహ్మం గారి 'మాలపిల్ల' సినిమా వచ్చింది. అంతకు ముందు 1927లో మహారాష్ట్రలోని మహద్‌లో అంబేద్కర్ గారు వేలమందితో కలిసి వెళ్ళి చవదార్ చెరువు నీళ్ళు తాగారు. అంటే దేశమంతా 'ఎవరి నీళ్ళు ఎవరు తాగవచ్చు?' అనే ప్రశ్నతో వేడెక్కి ఉన్న రోజులన్నమాట.

కథ చిన్నదే. అంటరానిదని ఊరు వెలి పెట్టిన పిల్ల ఒకతె. పేరు ప్రకృతి. చండాలిక అన్నది ఊరు పెట్టిన పేరు, తల్లి పెట్టింది కాదు! ఆమె బావి దగ్గర ఉండగా బుద్ధుడి శిష్యుడు ఆనందుడు వచ్చి దాహం అడుగుతాడు. "నా చేతి నీళ్ళు మీరు తాగకూడదు" అంటుంది. నువ్వూ నాలాంటి మనిషివే అని చెప్పి అతను తాగి వెళ్ళిపోతాడు. ఆ ఒక్క మాటతో ఆ పిల్ల లోకం మారిపోతుంది. అతనే కావాలని పట్టుబడుతుంది. మంత్రాలు తెలిసిన తల్లి, కూతురి బాధ చూడలేక అతన్ని రప్పించడానికి మంత్రం వేస్తుంది. తర్వాత ఏమవుతుందో కాసేపట్లో చెబుతాను.

శాంతినికేతన్ కథను కూచిపూడిలోకి తెచ్చినవారు వెంపటి చినసత్యం గారు. 1963లో మద్రాసులో కూచిపూడి ఆర్ట్ అకాడమీ పెట్టి, పురాణ కథలతో పాటు చండాలికనూ నృత్యనాటకంగా కూర్చారు. ఆయన శిష్యురాలు, హైదరాబాద్‌లో ఎందరో పిల్లలకు నాట్యం నేర్పి 2020లో కన్నుమూసిన శోభానాయుడు గారికి సత్యభామ, పద్మావతి పాత్రలతో పాటు చండాలిక కూడా పేరు తెచ్చిపెట్టింది. కాబట్టి 'అదేం వేషం' అనుకోవాల్సిన వేషమేమీ కాదది!

మొదటి దూరం

రిహార్సల్ మొదలైంది. పూలమ్మే పిల్ల, పెరుగమ్మే పిల్ల, గాజులమ్మే పిల్ల వలయంగా తిరుగుతూ ఆడుతున్నారు. మా అమ్మాయి పూల కోసం చెయ్యి చాపుతూ దగ్గరికొచ్చింది. వలయం అంతా రెండడుగులు జరిగింది. మళ్ళీ దగ్గరికొచ్చింది. మళ్ళీ రెండడుగులే. తాళం ఎక్కడా ఆగలేదు. ఒక పిల్ల మొహం చిట్లించి, చెయ్యి విదిలించి కాస్త గట్టిగా నటించబోతే టీచరమ్మ ఆపేసింది. "కోపం వద్దు. రోజూ చేసే పనిలా, అలవాటుగా తప్పుకోండి" అన్నది.

నాకు ఒళ్ళు జలదరించింది. నిజమే కదా! తిట్టి పొమ్మంటే ఎదురు తిరగవచ్చు. మామూలుగా, నవ్వుతూ, మాట మధ్యలో తప్పుకునేవాళ్ళను ఏమని అడుగుతాం? ఆ రెండడుగుల దూరంలో అంటరానితనమంతా ఉంది. ఒక్క మాట పలకక్కర్లేదు.

భామాకలాపంలో సత్యభామ రావడం గుర్తు తెచ్చుకోండి. పాత పద్ధతిలో అయితే ముందు తెర మీదుగా పొడవాటి జడ వేస్తుంది. నాకు సాటి ఎవరని సవాలు! తర్వాత నేను సత్యభామనంటూ దరువుతో ప్రవేశిస్తుంది. కూచిపూడిలో పాత్ర ఇలా తనను తాను చెప్పుకుంటూ రావడం ఆచారం. మరి ఎవరూ పేరు పెట్టి పిలవని పిల్ల తనను గురించి ఏమని చెప్పుకోగలదు? అందుకే మా అమ్మాయికి మొదట్లో పెద్ద అడుగులు లేవు. భుజాలు ముడుచుకుని, స్టేజీ అంచున నడక. అడుగు పెద్దదయ్యేది, మెడ నిలబడేది నీళ్ళు పోశాకే. పాత్ర ఎదుగుదలను అడుగు కొలతలోనే చూపిస్తారన్నమాట.

దోసిలి దగ్గరకు

ఇక నీళ్ళ ఘట్టం. ఆనందుడి వేషం వేసే పిల్ల వంగి దోసిలి పట్టింది. ఆ ముద్రను పుష్పపుటం అంటారు. రెండు అరచేతులూ పక్కపక్కన చేర్చి పట్టే దోసిలి. నందికేశ్వరుడి 'అభినయ దర్పణం'లో ఈ హస్తాన్ని దేనికి వాడాలో చెప్పారు. నీళ్ళు, పళ్ళు అందుకోవడానికి అదే. సంధ్యవేళ అర్ఘ్యం ఇవ్వడానికీ, మంత్రపుష్పానికీ అదే. దాహంతో చాచిన చెయ్యి, దేవుడికి అర్పించే చెయ్యి ఒకే ముద్ర! ఊరు మైల అన్న నీళ్ళు ఆ దోసిట్లో పడేసరికి అర్ఘ్యమంత పవిత్రమైపోతాయి. ఉపన్యాసం ఇస్తే గంట పడుతుంది. చేతులు క్షణంలో చెప్పేస్తాయి.

కానీ టీచరమ్మకు తృప్తి లేదు. మా అమ్మాయి కుండ ఎత్తులో పట్టుకుని పోస్తోంది. "ఇంకా కిందికి... అతని దోసిలి దగ్గరికి" అని నాలుగుసార్లు చేయించింది. మొదట భయంతో చెయ్యి ఎత్తులోనే ఉండాలి, అతను ఒక అడుగు ముందుకు వచ్చాక మెల్లగా దిగాలి. ఆ జానెడు దూరం తరిగేదాకా ఘట్టం ముందుకు జరగనివ్వలేదు.

అద్దం ముందు అమ్మ

ఇందాక ఆపిన కథ కదూ! తల్లి మంత్రం వేస్తుంది. కూతురి చేతికి మాయ అద్దం ఇస్తుంది. అందులో ఆనందుడు కనిపిస్తుంటాడు. ఇక్కడ వేదిక మీద ముగ్గురూ ఉంటారు. తల్లి గుండ్రంగా తిరుగుతూ వేగమైన జతులు వేస్తుంది. కూతురు అరచేతినే అద్దంగా పట్టుకుని చూస్తుంది. వెనక ఆనందుడు నడుస్తుంటాడు. తల్లి అడుగు వేగం పెరిగే కొద్దీ అతని నడక తడబడుతుంది. మొదట నిటారుగా, నింపాదిగా నడిచిన మనిషి తాళం తప్పి, ఎవరో తాడు కట్టి లాగుతున్నట్టు వస్తాడు.

ఇదంతా కూతురి మొహంలో చూడాలి. మొదట గెలుపు. తర్వాత సందేహం. చివరికి భయం. తనను మనిషిగా చూసిన ఒకే ఒక్కడిని తాను మనిషిగా చూడటం మానేసింది. అతని ఇష్టం అడగకుండా ఈడ్చుకొస్తోంది. ఊరు తనను అడుగులతో నెట్టేసింది, తను అతన్ని అడుగులతో లాగుతోంది. బలవంతం అక్కడా ఇక్కడా ఒకటే. అది తెలిసి మంత్రం ఆపమంటుంది. తల్లి మంత్రాన్ని వెనక్కి తీసుకుని ప్రాణం వదులుతుంది. కూతురు అడిగిందని కాదనలేక, తప్పని తెలిసీ చేసిన ఆ తల్లిని చూస్తే మనకు జాలి కలగకుండా ఉంటుందా?

చివర్న మా అమ్మాయి ఆనందుడి ముందు నుంచి తనంతట తాను రెండడుగులు వెనక్కి వేసి నమస్కరించింది. మొదట్లో పూలపిల్ల తప్పుకున్న రెండడుగులే! కానీ అది వెలి, ఇది గౌరవం. అడుగు ఒకటే, అర్థం వేరు. అంతసేపూ నేను చూసింది మనుషుల మధ్య దూరం గురించిన కథ అని అప్పుడు తెలిసింది.

మా వంటింట్లో...

ఆ రాత్రే అనుకుంటా, మా అమ్మాయి ఉన్నట్టుండి అడిగింది. "అమ్మా, ఆంటీకి టీ పోసేటప్పుడు నీ చెయ్యి ఎందుకంత ఎత్తులో ఉంటుంది?"

మా ఇంట్లో పనిచేసే ఆమె గ్లాసు వంటింటి కిటికీలో వేరుగా బోర్లించి ఉంటుంది. మా అత్తగారి కాలం నుంచీ అంతే. ఆమె గ్లాసు పట్టుకుంటుంది, నేను పై నుంచి పోస్తాను. ఇద్దరం నవ్వుతూ కబుర్లు చెప్పుకుంటూనే! "వేడి కదా, చిందుతుందని" అని మా అమ్మాయితో అబద్ధమాడాను. వేడిదైతే దగ్గర నుంచే పోయాలి, ఆ మాత్రం దానికి తెలియదా?

రాజ్యాంగం 17వ అధికరణంతో అంటరానితనాన్ని రద్దు చేసింది. 1950 నుంచీ అది నేరం కిందే లెక్క. మరి నా కిటికీలోకి అది ఇంకా రాలేదు. మర్నాడు ఆ గ్లాసును మా గ్లాసులతో పాటు స్టాండులో పెట్టాను. ఆమె చూసింది, ఏమీ అనలేదు. టీ తాగి, కడిగి, మళ్ళీ తీసుకెళ్ళి కిటికీలోనే బోర్లించింది. ఇన్నేళ్ళు మేం నేర్పిన అడుగు ఒక్కరోజులో ఎలా పోతుంది? నేను మళ్ళీ స్టాండులో పెట్టాను. ఇప్పటికి వారమైంది, రోజూ ఇదే వరస. నిన్న మాత్రం ఆ గ్లాసు స్టాండులోనే ఉండిపోయింది. మర్చిపోయిందో, కావాలనే ఉంచిందో నేను అడగలేదు.

మీరూ ఈసారి డాన్సు ప్రోగ్రాంకు వెళితే మీ పిల్ల ఒక్కదాన్నే చూడకండి. ఎవరు ఎవరికి ఎంత దూరంలో ఉన్నారు, ఎవరి అడుగు ఎప్పుడు పెద్దదైంది, ఒకే ముద్ర రెండోసారి వచ్చినప్పుడు అర్థం ఏమైనా మారిందా... ఈ మూడూ గమనించండి. శిల్పారామం మనకు దగ్గరే. పెద్ద ప్రదర్శనలు చూడాలంటే ఉప్పల్‌లో మెట్రో ఎక్కి, అమీర్‌పేటలో మారి, లక్డీకాపూల్‌లో దిగితే రవీంద్రభారతి. టాగూర్ శతజయంతి సంవత్సరం 1961లో ఆయన పేరుతోనే కట్టుకున్న హాలు అది. ఇంటికొచ్చాక "కథేమిటి?" అని ఎవరైనా అడిగితే, ఈసారి మీరే చెబుదురు గాని!