గాలి ఎటు పోతోంది?

నిద్రలో ఊపిరి ఆగే స్లీప్ ఆప్నియా ఉందని తేలి, మాస్కులోంచి ఒత్తిడితో గాలి పంపే సీప్యాప్ మిషను ఇంటికి వచ్చాక మొదటి నెలలో తరచూ వినిపించే ఫిర్యాదులు రెండు. మిషను పెట్టుకున్నా గురక ఆగలేదన్నది ఒకటి. మాస్కులోంచి రాత్రంతా బుస్సుమని గాలి కారుతోందన్నది ఇంకొకటి. ఈ రెండింటికీ ఇంట్లో జరిగే వైద్యం మాత్రం ఒకటే, పట్టీలు ఇంకాస్త బిగించడం. అయినా తగ్గకపోతే మిషనే మంచిది కాదని దాన్ని అటకెక్కిస్తారు. అసలు చిక్కు ఈ యంత్రాన్ని మోటారుగా చూడటంలోనే ఉంది. గాలి ఊదడం ఎప్పుడూ పెద్ద విద్య కాదు. ఊదిన గాలిని గొంతు దాకా చేర్చి, తెల్లవారేదాకా అక్కడ నిలబెట్టడమే విద్య. సీప్యాప్ పుట్టిన రోజు నుంచీ దాని కష్టమంతా ముఖానికీ మాస్కుకీ మధ్య ఉన్న ఆ సన్నని అంచు దగ్గరే ఉంది.

మేలుకుని ఉన్నంతసేపూ గొంతు చుట్టూ ఉన్న కండరాలు దారిని తెరిచి ఉంచుతాయి. నిద్ర పట్టగానే అవి వదులవుతాయి. నాలుక మొదలు వెనక్కి జారుతుంది, మెత్తటి అంగిలి వాలుతుంది. దారి సగం మూసుకుంటే ఆ కండలు గాలికి రెపరెపలాడతాయి, అదే గురక. పూర్తిగా మూసుకుంటే ఊపిరే ఆగుతుంది. రక్తంలో ఆక్సిజన్ పడిపోతే మెదడు ఉలిక్కిపడి లేపుతుంది, ఒక్క పెద్ద ఊపిరి, మళ్లీ నిద్ర, మళ్లీ అదే కథ. 1970లలో ఈ జబ్బు ముదిరినవాళ్లకు గట్టిగా పనిచేసే చికిత్స ఒక్కటే ఉండేది: గొంతు ముందువైపు రంధ్రం చేసి గొట్టం పెట్టడం. 1980లో ఆస్ట్రేలియాలోని సిడ్నీలో కొలిన్ సలివాన్ అనే వైద్యుడి దగ్గరికి అలాంటి ఆపరేషను తప్పదన్న రోగి ఒకరు వచ్చారు. సలివాన్ అంతకుముందు కెనడాలోని టొరంటోలో నిద్రపోయే కుక్కల శ్వాస మీద పరిశోధన చేసినవాడు, వాటి మూతికి మాస్కులు తగిలించిన అనుభవం ఉన్నవాడు. ముక్కులోంచి కొద్దిపాటి ఒత్తిడితో ఆగకుండా గాలి పంపితే, అదే లోపలి నుంచి ఊతకర్రలా గొంతు గోడలను విడదీసి ఉంచుతుందని ఆయన ఆలోచన. ఆ రోగి మీద ప్రయత్నించి చూస్తే, ఒత్తిడి పెంచినప్పుడు దారి తెరుచుకుంది, తగ్గించినప్పుడు మూసుకుంది. 1981 ఏప్రిల్‌లో లాన్సెట్ పత్రికలో సలివాన్ బృందం అచ్చువేసిన వ్యాసంలో రోగులు ఐదుగురే. సరిపోయిన ఒత్తిడి 4.5 నుంచి 10 సెంటీమీటర్ల నీటిమట్టం.

ఆ అంకె ఎంత చిన్నదో తెలియాలంటే గ్లాసు నీళ్లు, ఒక స్ట్రా చాలు. స్ట్రాను నీళ్లలో పది సెంటీమీటర్ల లోతుకు ముంచి ఊదితే, కొసన మొదటి బుడగ బయటికి వచ్చే క్షణంలో మన నోట్లో ఉన్న ఒత్తిడే పది సెంటీమీటర్లు. చిన్నపిల్లలూ ఊదగలరు. వాతావరణ పీడనంలో అది దాదాపు నూరో వంతు. ఇంత స్వల్పమైన ఒత్తిడి పుట్టించడానికి అప్పట్లో వాక్యూమ్ క్లీనరులో ఉండేలాంటి మోటారు సరిపోయింది. హోరు భరించలేనిదే కానీ పని చేసింది. చెమటలు పట్టించింది మాస్కు. ఒక్కో రోగి ముక్కుకు ప్లాస్టర్ అచ్చు తీసి, దాని మీద ఫైబర్‌గ్లాస్‌తో మాస్కు పోసి, రోజూ రాత్రి దాన్ని సిలికాన్ జిగురుతో ముఖానికి అంటించేవారు. తెల్లారాక పీకేయాలి, రాత్రికి మళ్లీ అంటించాలి. ప్రతి రాత్రీ ముఖానికి జిగురు పూయించుకోవడానికి మనుషులు ఒప్పుకున్నారంటే, గాలి కారకుండా ఆపడం ఎంత ముఖ్యమో ఆ వైద్యులకూ రోగులకూ మొదటి రోజే అర్థమైందన్నమాట. పట్టీలతో తగిలించే మెత్తటి సిలికాన్ మాస్కులు తర్వాత వచ్చి ఆ జిగురును మాన్పించాయి. ఆ జిగురు చేసిన పని మాత్రం ఇప్పుడు పట్టీలూ అంచూ కలిసి చేయాల్సి వస్తోంది.

అన్ని రకాల కారడమూ తప్పు కాదు. మాస్కు ముందువైపు సన్నటి రంధ్రాలు కొన్ని కావాలనే పెడతారు. వదిలిన ఊపిరిలోని కార్బన్ డయాక్సైడ్ బయటికి పోవాలి కదా. పది సెంటీమీటర్ల ఒత్తిడి దగ్గర వాటిలోంచి నిమిషానికి 30 లీటర్ల అటూఇటూ గాలి పోతూనే ఉంటుంది. ఆ చల్లగాలి చేతికి తగిలి, మాస్కు కారుతోందని అక్కడ టేపు అంటించకూడదు. తప్పు కారడమంటే అంచుల్లోంచి, లేదా నోట్లోంచి పోయేది. ఎక్కువగా వాడే ఒక కంపెనీ మిషను ఈ తప్పు కారడాన్ని విడిగా లెక్కగట్టి, నిమిషానికి 24 లీటర్లు దాటితే హెచ్చరిస్తుంది. ఆ ఒత్తిడిలో అంత గాలి పోవడానికి ఎంత సందు కావాలో లెక్క వేస్తే ఒక మిల్లీమీటరు వెడల్పు, ఒకటిన్నర సెంటీమీటరుకు కాస్త పైన పొడవు వస్తుంది. ముక్కు పక్కన ఒక ముడత, రెండు రోజుల గడ్డం, దిండు ఒత్తుకుని పక్కకు జరిగిన అంచు, వీటిలో ఏదైనా చాలు. ఆ సందులోంచి గాలి సెకనుకు దాదాపు 40 మీటర్ల వేగంతో, అంటే గంటకు 140 కిలోమీటర్ల పైన, దూసుకొస్తుంది. అది పైకి తిరిగి కంట్లో కొడితే పొద్దున కళ్లు ఎర్రబడటంలో వింతేముంది?

మరి బిగిస్తే సందు పోదా? పోదు, చాలాసార్లు పెరుగుతుంది. సిలికాన్ అంచు వాషర్ లాంటిది కాదు. లోపలి గాలి ఒత్తిడికి ఉబ్బి, తెరచాపలా చర్మానికి తనంతట తాను అతుక్కునే పలచటి పొర అది. గట్టిగా బిగిస్తే ఆ పొర నలిగి మడత పడుతుంది, మడతలోంచి గాలి కారుతుంది. కారుతోందని ఇంకో గీత బిగిస్తారు. ముక్కు దూలం మీద పుండు పడేదాకా ఈ వరస సాగుతుంది. ముఖం మీది జిడ్డు సిలికాన్‌కు పట్టి జారినా ఇదే ఫలితం. దానికి రోజూ గోరువెచ్చని నీళ్లతో, తేలికపాటి సబ్బుతో కడగడం చాలు. పాతబడి పట్టు పోయిన అంచును ఎంత బిగించినా లాభం లేదు, మార్చాల్సిందే.

గురక సంగతి ఇంకాస్త ఓపికగా వినాలి. ఇక్కడ పక్కన పడుకున్నవాళ్ల చెవి పెద్ద పరికరం. ఊపిరి లోపలికి పీల్చేటప్పుడు గరగర వస్తే అది చాలావరకు నిజమైన గురకే, అంటే గొంతు దగ్గర ఒత్తిడి చాలడం లేదు. వదిలేటప్పుడు పెదవులు ఫుర్రుమంటే అది గురక కాదు, నోట్లోంచి గాలి కారడం. నిజమైన గురకకు కూడా ఒత్తిడి తక్కువగా పెట్టడమే కారణం కానక్కర్లేదు. నిద్ర తేలిగ్గా పట్టడానికి మిషను మొదట తక్కువ ఒత్తిడితో మొదలై మెల్లగా పెరిగేలా పెట్టి ఉంటే, మొదటి అరగంట గురక మామూలే. వెల్లకిలా పడుకుంటే, పడుకునే ముందు మద్యం తాగితే గొంతు ఇంకా వాలుతుంది. ఇవేవీ కాకపోతే, పెట్టిన ఒత్తిడి దారిలోనే కారిపోతోందేమో చూడాలి. అదీ కాదని తేలాకే డాక్టరు దగ్గర అంకె మార్పించే మాట.

ఇప్పటి ఆటోమేటిక్ మిషన్లు కారినదాన్ని తామే పూరిస్తాయిగా, ఇంత రభస ఎందుకని అడగవచ్చు. కొంతవరకు నిజమే, చిన్న లీకులను అవి చక్కగా సర్దుకుంటాయి. అయితే గురకనూ, గొంతు ఇరుకునూ అవి పసిగట్టేది గాలి ప్రవాహంలోని సన్నటి తేడాల నుంచే. పెద్ద లీకు హోరులో ఆ తేడాలు మునిగిపోతాయి. అప్పుడు మిషను ఆగిన ఊపిరిని గుర్తించకపోవచ్చు, లేదా అక్కర్లేకుండా ఒత్తిడి పెంచవచ్చు. ఒత్తిడి పెరిగితే లీకు పెరుగుతుంది. లీకు ఎక్కువగా ఉన్న రాత్రి ఎన్నిసార్లు ఊపిరి ఆగిందో చెప్పే ఆప్నియా అంకె స్క్రీను మీద చక్కగా కనబడినా దాన్ని నమ్మకూడదనేది అందుకే.

నోరు తెరుచుకుంటోంది కాబట్టి ముక్కూ నోరూ రెండింటినీ మూసే పెద్ద మాస్కు వేస్తే సరిపోతుందన్నది ఇంకో వాదన. కొందరికి అది తప్పదు కూడా. కానీ లెక్క చూడండి. పది సెంటీమీటర్ల ఒత్తిడి అంటే ప్రతి చదరపు సెంటీమీటరు మీద పది గ్రాముల తోపు. ముక్కు మాస్కు 25 చదరపు సెంటీమీటర్లు కప్పితే పావు కిలో బలం దాన్ని ముఖం నుంచి బయటికి నెడుతుంది. పెద్ద మాస్కు 75 కప్పితే ముప్పావు కిలో. ఆ బలాన్ని ఆపాల్సింది పట్టీలే. అవి కింది దవడను వెనక్కి లాగితే నాలుక కూడా వెనక్కి పోతుంది, తెరవాలనుకున్న గొంతే ఇరుకవుతుంది. పెద్ద మాస్కుతో చాలామందికి ఎక్కువ ఒత్తిడి అవసరమైందనీ, లీకు కూడా ఎక్కువేననీ పలు పరిశోధనలు చెబుతున్నాయి. పైగా నోరు ఎందుకు తెరుచుకుంటోందో ముందు చూడాలి. ముక్కు దిబ్బడ వేస్తే నోరు తెరుచుకుంటుంది. నోట్లోంచి గాలి పారితే ముక్కు ఎండి, ఇంకా దిబ్బడ వేస్తుంది. ఈ వలయాన్ని సలివాన్ కూడా ఉన్న సిడ్నీ బృందమే 1996లో కొలిచి చూపింది. గాలిని వెచ్చగా, తేమగా చేసి పంపితే అది చాలావరకు తెగుతుందని కూడా చెప్పింది. అంటే మాస్కు మార్చే ముందు గాలికి తేమ పట్టించే హ్యూమిడిఫయరులో నీళ్లున్నాయో లేదో చూడటం చవక.

అన్నిటికంటే బరువైన ఆక్షేపణ వేరే ఉంది. 2016లో వెలువడిన సేవ్ అనే పెద్ద పరిశోధనలో, అప్పటికే గుండె లేదా మెదడు రక్తనాళాల జబ్బు ఉన్న 2,717 మందిని పరీక్షిస్తే, సీప్యాప్ వల్ల గుండెపోట్లు, పక్షవాతాలు తగ్గలేదు. పగటి మగత, గురక మాత్రం తగ్గాయి. అయితే అందులోవాళ్లు సగటున మిషను పెట్టుకున్నది రాత్రికి 3.3 గంటలే. తక్కిన నిద్రంతా గొంతు పాత గొంతే. పూర్తి రాత్రి వాడితే గుండెకు మేలు జరిగేదని దీంతో రుజువు కాదు. గాలి కారడం ఒక్కటే జనం మాస్కు తీసేయడానికి కారణమనీ అనలేం. కానీ అర్ధరాత్రి కంట్లో గాలి కొట్టి, ముక్కు ఎండి, చెవి పక్కన బుస్సుమంటుంటే నిద్రమత్తులో చెయ్యి దానంతటదే పట్టీ మీదికి పోతుంది.

అందుకే మాస్కు సరిచేయాల్సింది కూర్చుని, అద్దం ముందు, మిషను ఆపేసి కాదు. పడుకోగానే బుగ్గల కండ జారి ముఖం ఆకారమే మారుతుంది. ఎప్పుడూ పడుకునే దిండు మీద, ఎప్పుడూ పడుకునే పక్కకు తిరిగి, మిషను అసలు ఒత్తిడిలో నడుస్తుండగా, పట్టీలు కాస్త వదులు చేయాలి. మాస్కును రెండు వేళ్లతో ముఖం నుంచి అంగుళం పైకి లేపాలి. అంచు గాలికి ఉబ్బుతుంది. అప్పుడు మెల్లగా కిందికి దించితే అది తనంతట తానే చోటు చూసుకుని కూర్చుంటుంది. బుస్సు ఆగేంతవరకే పట్టీ లాగి, అక్కడ వదిలేయాలి.