ఫోర్క్‌లిఫ్ట్ చైన్ ఎందుకు తెగుతుంది?

ఈ భాగం చదివిన తరువాత మీరు లిఫ్ట్ చైన్ తెగడానికి కారణాలను వివరించగలుగుతారు. చైన్‌ను కొలిచి, మార్చాలో వద్దో నిర్ణయించగలుగుతారు.

7.3.1 నిర్మాణం

లిఫ్ట్ చైన్‌లో సైకిల్ చైన్‌లో మాదిరి రోలర్లు ఉండవు. ఉక్కు పలకలను వరుసగా పేర్చి పిన్నులతో కలుపుతారు. దీనిని లీఫ్ చైన్ అంటారు. ఫోర్కులు ఈ చైన్లకే వేలాడుతాయి. కాబట్టి చైన్లు తెగితే సిలిండర్‌లోని నూనె పీడనం ఫోర్కులను ఆపలేదు. కింద హమాలీ ఉంటే ప్రాణాపాయం.

7.3.2 కారణాలు

అ) అరుగుదల: చైన్ కప్పీ మీద వంగిన ప్రతిసారీ పిన్ను, పలక రంధ్రం రాసుకుంటాయి. నూనె అందకపోతే రెండూ అరుగుతాయి. భూపాలపల్లి వంటి బొగ్గు ప్రాంతంలో బొగ్గు పొడి, మహబూబాబాద్ ధాన్యపు గోదాములలో ఊకదుమ్ము, జనగామ పత్తి మిల్లులలో దూది నూనెకు అంటుకుంటాయి. ఆ పొరపై కొత్త నూనె పోసినా కీలు లోపలికి చేరదు.

ఆ) తుప్పు: వానలో నిలిపిన బండి చైన్ కీళ్లు బిగుసుకుపోతాయి, పలకలు బలహీనపడతాయి.

ఇ) లోహపు అలసట: పదేపదే భారం పడడంతో రంధ్రం అంచున సన్నని పగులు మొదలై, లాగే దిశకు అడ్డంగా పాకుతుంది.

ఈ) అధిక భారం, కుదుపు: బరువు ఎత్తి పట్టుకొని గుంతలలో నడిపితే చైన్‌పై క్షణకాలం అసలు బరువును మించిన లాగుడు పడుతుంది.

ఉ) అసమాన బిగింపు: రెండు చైన్లలో ఒకటి వదులైతే భారమంతా రెండోదానిపైనే పడుతుంది.

7.3.3 కొలిచే పద్ధతి

చైన్ ‘సాగింది’ అంటే సాధారణంగా పలకలు సాగాయని కాదు, కీళ్లు అరిగాయని అర్థం. కప్పీపై ఎక్కువగా తిరిగే భాగాన్ని శుభ్రం చేసి, నిటారుగా ఉంచి, పిన్ను మధ్య నుంచి పిన్ను మధ్యకు కొలవాలి. ఒక లంకె పొడవు 25.4 మి.మీ. అయితే 12 లంకెలు కొత్తలో 304.8 మి.మీ. ఉంటాయి. సాధారణ పరిమితి 3 శాతం. అంటే కొలత సుమారు 313.9 మి.మీ.కు చేరితే చైన్ మార్చాలి. తయారీదారు ఇంకా తక్కువ పరిమితి ఇస్తే దానినే పాటించాలి. పగులు కనిపిస్తే కొలతతో పని లేదు; బండిని వెంటనే ఆపాలి. వెల్డింగ్ చేయరాదు. రెండు చైన్లనూ కలిపే మార్చాలి.

ఫ్యాక్టరీలలో ఎత్తే యంత్రాలను, గొలుసులను 12 నెలలకు ఒకసారైనా అర్హుడైన వ్యక్తి పరీక్షించాలని 2025 వరకు అమలులో ఉన్న 1948 ఫ్యాక్టరీల చట్టం 29వ సెక్షన్ నిర్దేశించింది. దుమ్ము ఎక్కువగా ఉండే చోట అంతకాలం ఆగకండి.

మీ ప్రగతిని పరీక్షించుకోండి

1. నూనె పోసినా చైన్ ఎందుకు అరగవచ్చు?
2. లంకె పొడవు 15.875 మి.మీ. గల చైన్‌లో 20 లంకెలు 328 మి.మీ. ఉన్నాయి. ఈ చైన్‌ను వాడవచ్చా? లెక్క చూపండి.