బర్క్‌లీ వెనక నూటపదహారు

మార్చి, ఏప్రిల్ నెలలొచ్చాయంటే కాలిఫోర్నియాలోని మన ఇళ్ళలో ఒకటే చర్చ: ఎవరి పిల్లలకి ఏ యూనివర్సిటీలో సీటొచ్చిందని. బర్క్‌లీ వస్తే స్వీట్లు పంచుతాం. కమ్యూనిటీ కాలేజీ అయితే గొంతు కాస్త తగ్గించి "ప్రస్తుతానికి ఇక్కడ చేరాడండీ" అంటాం. ఆ "ప్రస్తుతానికి" అనే మాట గురించే ఈ పూట నాలుగు ముక్కలు చెప్పాలని ఉంది. ఎందుకంటే బర్క్‌లీ పరువు ఇన్నాళ్ళు నిలబడటంలోనూ, మీ ఊళ్ళో కమ్యూనిటీ కాలేజీ తలుపులు అందరికీ తెరిచి ఉండటంలోనూ ఒకే ఒప్పందం చెయ్యి ఉంది. దాని పేరు మాస్టర్ ప్లాన్. పుట్టింది 1960లో.

అప్పటి పరిస్థితి ఒకసారి చూడండి. రెండో ప్రపంచ యుద్ధం ముగిశాక పుట్టిన పిల్లలు లక్షల్లో కాలేజీ వయసుకు వచ్చేస్తున్నారు. శాసనసభ్యులేమో ఎవరికి వాళ్ళు తమ ప్రాంతానికో కాలేజీ కావాలని బిల్లులు పెడుతున్నారు (మన ఎమ్మెల్యేలు గుర్తొస్తే అది నా తప్పు కాదు). స్టేట్ కాలేజీలవాళ్ళు మేమూ పీహెచ్‌డీలు ఇస్తామంటున్నారు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియావాళ్ళకి అది ససేమిరా ఇష్టం లేదు. ఉన్న డబ్బు అందరికీ పంచితే పరిశోధన పలచబడిపోతుందని వాళ్ళ భయం. అప్పుడు ఆ యూనివర్సిటీకి అధ్యక్షుడు క్లార్క్ కెర్. ఆయన కార్మిక ఆర్థికశాస్త్రం చదివిన మనిషి, యాజమాన్యాలకీ కార్మికులకీ మధ్య తగువులు తీర్చడంలో చెయ్యి తిరిగినవాడు. అందుకేనేమో, ఆ ప్లాను చదువుతుంటే ఆదర్శాల పత్రంలా కాకుండా అన్నదమ్ముల పంపకాల కాగితంలా ఉంటుంది.

పంపకం ఇదీ. హైస్కూలు పూర్తిచేసినవాళ్ళలో పై ఎనిమిదో వంతు మంది యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాకి అర్హులు. పై మూడో వంతు స్టేట్ కాలేజీలకి అర్హులు. చదువుకుని లాభపడగలిగిన వాళ్ళెవరికైనా కమ్యూనిటీ కాలేజీలో చోటుంటుంది. పీహెచ్‌డీ, వైద్యం, న్యాయశాస్త్రం యూనివర్సిటీ చేతిలోనే ఉంటాయి. స్టేట్ కాలేజీలు కావాలంటే యూనివర్సిటీతో కలిసి డాక్టరేట్ ఇవ్వొచ్చు. వాటికి విడిగా సొంత పాలకమండలి వచ్చింది. 1960 ఏప్రిల్‌లో గవర్నర్ పాట్ బ్రౌన్ దీన్ని చట్టం చేశారు.

ఇంతవరకే అయితే ఇది తెలివైనవాళ్ళని వడగట్టే జల్లెడ. పైవాళ్ళకి పరమాన్నం, కిందివాళ్ళకి గంజి. అసలు కిటుకు ఇంకోచోట ఉంది. యూనివర్సిటీలో మొదటి రెండేళ్ళ విద్యార్థులు నూటికి 40 మందికి మించకూడదు, చివరి రెండేళ్ళవాళ్ళు 60 మంది ఉండాలి అన్నారు. మొదటి ఏడాదిలో చేరినవాళ్ళతోనే ఆ అరవై నిండదు కదా! అంటే కమ్యూనిటీ కాలేజీలో రెండేళ్ళు చదివి వచ్చేవాళ్ళ కోసం మూడో ఏడాదిలో కుర్చీలు ముందే ఖాళీగా ఉంచారన్నమాట. మన దగ్గర పాలిటెక్నిక్ డిప్లొమా చేసినవాళ్ళు ఈసెట్ రాసి ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో చేరతారే, సరిగ్గా ఆ సూత్రమే. ఈసెట్‌లో వచ్చినవాణ్ణి ఆఫీసులో ఎవరూ "నువ్వు వెనక ద్వారం గుండా వచ్చావా" అని అడగరు. మరి ఇక్కడెందుకు నామోషీ?

ఇప్పుడు కాలిఫోర్నియాలో ఇలాంటి కమ్యూనిటీ కాలేజీలు 116 ఉన్నాయి. అక్షరాలా మన నూటపదహార్లు!

ఇతర దేశాలు ప్రపంచస్థాయి యూనివర్సిటీలు కావాలనుకున్నప్పుడు ఎక్కువగా శిఖరం మీదే డబ్బు పోశాయి. చైనా 1998 మే నెలలో మొదలుపెట్టిన 985 పథకంలో ముందు తొమ్మిది యూనివర్సిటీలు, చివరికి 39. జర్మనీ 2006లో పోటీ పెట్టి మొదటి విడతలో మ్యూనిక్‌లో రెండింటినీ, కార్ల్స్‌రూలో ఒకదాన్నీ ఎంచుకుంది. భారతదేశం 2018లో 'ఇన్‌స్టిట్యూషన్స్ ఆఫ్ ఎమినెన్స్' జాబితా మొదలుపెట్టి, ప్రభుత్వ సంస్థలకు ఐదేళ్ళలో వెయ్యి కోట్ల దాకా ఇస్తామంది. 2019లో మన హైదరాబాద్ సెంట్రల్ యూనివర్సిటీకీ ఆ హోదా దక్కింది. సంతోషమే. కానీ జిల్లాలో డిగ్రీ కాలేజీలో చేరిన తెలివైన అమ్మాయికి అక్కణ్ణుంచి మధ్యలో పైకి వెళ్ళే మెట్లేవి? 2021లో వచ్చిన క్రెడిట్ల బ్యాంకు ఆలోచన మంచిదే. అయితే బ్యాంకులో ఖాతా ఉన్నంత మాత్రాన సరిపోదు, అవతలి కాలేజీ కుర్చీ ఖాళీగా పెట్టాలి. కెర్ పట్టుకున్నది ఆ చిన్న విషయాన్నే.

అలాగని కాలిఫోర్నియాలో అంతా సవ్యంగా ఉందని నేననను. ట్యూషన్ ఫీజు ఉండకూడదన్నది ఆ ప్లానులో ఒక మూలసూత్రం. అది ఎప్పుడో గాలికి పోయింది. రోనాల్డ్ రీగన్ గవర్నరయ్యాక నెల తిరక్కుండానే, 1967 జనవరిలో, కెర్‌నే ఇంటికి పంపించారు. 1978లో ఆస్తిపన్నుకు పరిమితి పెట్టడంతో కమ్యూనిటీ కాలేజీలకు స్థానికంగా వచ్చే డబ్బు పడిపోయింది. 1984 నుంచి అక్కడా ఫీజు మొదలైంది. అన్నిటికన్నా బాధ కలిగించేది ఏమిటంటే, యూనివర్సిటీకి మారాలని కమ్యూనిటీ కాలేజీలో చేరినవాళ్ళలో ఎక్కువమంది మారలేకపోతున్నారు. ఏ కోర్సు ఎక్కడ చెల్లుతుందో తెలియక ఏళ్ళు పోగొట్టుకుంటున్నారు. వంతెన ఉంది గానీ, దారి చూపించే బోర్డులు సరిగ్గా లేవు.

కాబట్టి ఇంట్లో అలాంటి పిల్లలున్న తల్లిదండ్రులకు కొన్ని వివరాలు. కాలిఫోర్నియా నివాసులకు కమ్యూనిటీ కాలేజీ ఫీజు యూనిట్‌కి 46 డాలర్లు. మూడో ఏడాదిలోకి మారడానికి కావలసిన 60 సెమిస్టర్ యూనిట్లకు 2,760 డాలర్లు. యూనివర్సిటీ ఆఫ్ కాలిఫోర్నియాలో ఒక్క ఏడాది ఫీజే 14 వేలు దాటింది, బస, భోజనం కాకుండా. చివర్లో చేతికొచ్చే డిగ్రీ మాత్రం ఒకటే. డేవిస్, అర్వైన్, మెర్సెడ్, రివర్‌సైడ్, శాంటా బార్బరా, శాంటా క్రూజ్ క్యాంపస్‌లు నిర్ణీత మార్కులూ కోర్సులూ ఉన్నవాళ్ళకు సీటు గ్యారంటీ ఇస్తాయి. ఆరింటిలో ఒక్కదానికే అడగాలి, దరఖాస్తు సెప్టెంబరులో. బర్క్‌లీ, లాస్ ఏంజెలెస్, శాన్ డియేగో ఈ గ్యారంటీ ఇవ్వవు, మామూలుగా పోటీ పడాల్సిందే. కంప్యూటర్ సైన్సు లాంటి రద్దీ ఉన్న శాఖలకు కొన్నిచోట్ల గ్యారంటీ వర్తించదు. మనవాళ్ళు ఎక్కువగా తడబడేది అక్కడే. ఏ కోర్సు దేనికి చెల్లుతుందో 'అసిస్ట్' అనే వెబ్‌సైట్‌లో కాలేజీవారీగా ఉంటుంది. మొదటి సెమిస్టర్‌కి పేరు నమోదు చేసుకునే ముందే పిల్లలతో కూర్చుని అది చూడండి, రెండో ఏడాదిలో కాదు.