అరుగు మీద ఏం పరుద్దాం?

ఇప్పుడు ఊర్లల్ల గూడ ఇల్లు కడితే ముందట సిటౌట్ అంటున్నరు. నేనైతే అరుగనే అంట. పేరేదైతేంది, ఆడ ఏం పరిస్తే నాలుగొద్దులు ఆగుతదన్నదే ముచ్చట.

ముందుగాల వాన జల్లు వస్తదా రాదా చూడుండ్రి. జల్లు కొట్టే జాగల నూలు జంపఖానా పరిస్తే నీళ్లు పీల్చుకుంటది, బూజు పడ్తది, పోగు చివికిపోతది. ఆడికి పాలీప్రొపిలీన్ చాపనే నయం. నీళ్లు తాగదు, దులిపి ఆరేస్తే అయిపాయె. కానీ దానికి ఎండ పడదు. ఎండల ఉండే అతినీలలోహిత కిరణాలకు ఆ ప్లాస్టిక్ పెళుసువారి, మడతల కాడ ఇరుగుతది. ఆ పీచులే గాలికి కొట్టుకపోయి మోరీలల్ల, చేన్లల్ల పడ్తయ్. అందుకే రంగు చూసి మురవకుండ ‘యూవీ స్టెబిలైజ్డ్’ అని రాసి ఉందా చూడుండ్రి. లేకుంటే అగ్గువనుకున్నదే పిరమైతది.

జల్లు రాని అరుగైతే నా ఓటు వరంగల్ జంపఖానాకే. 2018ల జీఐ గుర్తింపు వచ్చిన సరుకు అది. రెండు దిక్కుల పరుచుకోవచ్చు. కొనేటప్పుడు వెలుతురుకు ఎత్తి పట్టుండ్రి, సందులకెళ్లి వెలుగు కనవడితే నేత వదులున్నట్టే. తడి తెల్లగుడ్డతోని రుద్దుండ్రి, రంగు అంటితే వద్దు. ధర ఎక్కువంటరు గని, కొత్తవాడ మగ్గం మీద మనిషి నేసినదానికీ మిషన్ల నుంచి వచ్చినదానికీ ఒక్కతీరు ధర ఎట్లుంటది? బేరం ఆడేటప్పుడు గది యాదికుంచుకోవాలె.

ఏది కొన్నా వారానికోపాలి ఎత్తి దులుపుండ్రి. కింద చేరిన ఇసుక నడిచినకొద్దీ పోగులను కోస్తది.